నైలాన్‌ను నీళ్లు ఎక్కడ తెంపుతాయి?

[తెర మీద: నీళ్ల గిన్నెలో నైలాన్ దారం]

నీళ్లు నైలాన్‌లోకి బాగానే దూరతాయి. నైలాన్ 6ను నానబెడితే తన బరువులో సుమారు 9 శాతం నీటిని పీల్చుకుంటుంది. కాస్త మెత్తబడుతుంది, సాగుతుంది. ఆరితే మళ్లీ మామూలే. లోపలి అణువుల గొలుసులు మాత్రం తెగవు.

[తెర మీద: అమైడ్ బంధం, బాగా దగ్గరగా]

ఎందుకంటే ఆ గొలుసులో లంకెలన్నీ అమైడ్ బంధాలు, అంటే కార్బన్‌కూ నైట్రోజన్‌కూ మధ్య ఉండే లంకెలు. ఈ కార్బన్‌ను చూడండి. నీటి అణువు వచ్చి పట్టుకోవాల్సింది దీన్నే. కానీ పక్కనున్న నైట్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను ఇటువైపు పంచుతుంది. కార్బన్‌కు ఎలక్ట్రాన్ల కొరత తగ్గిపోతుంది, నీటికి పట్టు దొరకదు. మన ఒంట్లోని ప్రోటీన్లలో ఉన్నదీ ఇదే బంధం. ఎంజైమ్ లేకుండా మామూలు నీళ్లలో వదిలేస్తే, అందులో సగం తెగడానికే వందల ఏళ్లు పడుతుంది.

[తెర మీద: నైట్రోజన్ స్థానంలో ఆక్సిజన్]

అందుకే, నీళ్లలో విచ్ఛిన్నమయ్యే రకం కావాలని, గొలుసులో అక్కడక్కడా ఎస్టర్ బంధాలు కలిపారు. వీటిలో నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఉంటుంది. ఇలాంటి గొలుసులను పాలీఎస్టర్ అమైడ్‌లు అంటారు. ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను అంత తేలిగ్గా పంచదు కాబట్టి ఇక్కడ నీటికి దారి దొరుకుతుంది. బంధం తెగి, ఒక కొసన ఆమ్లం, రెండో కొసన ఆల్కహాల్ మిగులుతాయి. ఆ ఆమ్లం మిగతా ఎస్టర్లు తెగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. మందపాటి ముక్కలో అది బయటికి పోలేక పోగుపడితే, పైభాగం కంటే లోపలే ముందు పాడవ్వొచ్చు. అమైడ్లను మాత్రం తీసేయలేదు. గొలుసులను పక్కపక్కన గట్టిగా పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు వాటివే.

[తెర మీద: 1000 లంకెల గొలుసు]

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇది. ఈ గొలుసును సరిగ్గా మధ్యలో ఒక్కచోట తెంపితే సగటు పొడవు సగమైపోతుంది. బరువు? రవ్వంత కూడా తగ్గదు, పైగా ఒక నీటి అణువు వచ్చి చేరింది! గొలుసులన్నీ ఇలా తెగుతూ పోతే దారం బలం పడిపోతుంది, తూకం మాత్రం కదలదు. ముక్కలు నీళ్లలో కరిగేంత చిన్నవయ్యాకే బరువు తగ్గుతుంది. కాబట్టి "బరువు తగ్గలేదు, ఇది విచ్ఛిన్నం కాదు" అని ఎవరైనా అంటే నమ్మేయకండి. అణుభారం, అంటే ఒక్కో గొలుసు సగటు బరువు, ఎంత తగ్గిందో అడగండి.

[తెర మీద: నైలాన్ 2–నైలాన్ 6 నిర్మాణం]

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇక్కడ డౌట్ రావాలి. బయోడిగ్రేడబుల్ అని చదువుకున్న నైలాన్ 2–నైలాన్ 6లో ఎస్టర్ లేదు కదా? నిజమే. గ్లైసీన్, అమినోకాప్రోయిక్ ఆమ్లం కలిసిన ఆ గొలుసులో అన్నీ అమైడ్లే, ఉత్త నీళ్లు దాన్ని త్వరగా ఏమీ చేయలేవు. గ్లైసీన్ అమైనో ఆమ్లం కావడంతో ఆ గొలుసు కొంత ప్రోటీన్‌ను పోలి ఉంటుంది, సూక్ష్మజీవుల ఎంజైమ్‌లు దాన్ని పట్టుకోగలవు. అప్పుడు కూడా బంధం మధ్యకు వచ్చి చేరేది నీటి అణువే, దాన్ని అక్కడికి చేర్చేది ఎంజైమ్.