తుంగ్ వా ఆసుపత్రి

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నప్పుడు సెలూన్‌లో అద్దం పక్కన బ్రూస్‌లీ బొమ్మ ఉండేది. ఆయన హాంకాంగ్‌లో పుట్టాడనే చాలామంది అనుకుంటారు. కాదండీ. 1940 నవంబరు 27న అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోని చైనీస్ హాస్పిటల్‌లో పుట్టాడు. ఇవాళ నేను చెప్పేది ఆ ఆసుపత్రి కథ.

బంగారం తవ్వడానికి, రైలు పట్టాలు వేయడానికి వచ్చిన చైనీయులకు ఆ ఊళ్లో జబ్బు చేస్తే చూసే దిక్కు లేదు. కొత్త కూలీలు రాకుండా 1882లో ఏకంగా చట్టమే చేశారు. ఉన్నవాళ్లను కూడా ఆసుపత్రులు చాలావరకు గడప తొక్కనిచ్చేవి కావు. అక్కరకు వచ్చినవి ఒక ప్రాంతం వాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘాలే. పరాయి నేల మీద మనిషి పోతే, ఎముకలు ఓడెక్కించి సొంతూరికి పంపే బాధ్యత కూడా వాళ్లే చూసుకునేవారు. ఆ సంఘాలే 1900 ప్రాంతంలో శాక్రమెంటో వీధిలో ఒక చిన్న దవాఖానా తెరిచాయి. హాంకాంగ్‌లో చైనీయులు 1870లో పెట్టుకున్న ఆసుపత్రి పేరే దీనికీ పెట్టారు: తుంగ్ వా. మూలికల మందూ ఇచ్చేవారు, ఇంగ్లీషు మందూ ఇచ్చేవారు.

1900 మార్చిలో చైనాటౌన్‌లో ఒకతను ప్లేగుతో చనిపోయాడు. తెల్లారేసరికి పేట చుట్టూ తాళ్లు కట్టేశారు. తెల్లవాళ్లను బయటికి పంపి, చైనీయులను లోపలే ఉంచారు. అప్పుడు కొద్దిరోజులకే తీసేసినా, మే నెలాఖరులో మళ్లీ కట్టారు. ఈసారి తెల్లవాళ్ల ఇళ్లు వచ్చినచోటల్లా హద్దు వంకర తిరిగి పక్కకు తప్పుకుంది! ప్లేగుకు ఆ తేడా ఎలా తెలుస్తుందో మరి. బొంబాయిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన ప్లేగు టీకా వేయించుకోనిదే చైనీయులు ఊరు దాటకూడదని కూడా ఆంక్ష పెట్టారు. వాళ్లు కోర్టుకెక్కారు. టీకా కేసూ గెలిచారు, జూన్‌లో ఒక కిరాణా వ్యాపారి వేసిన కేసుతో ఆ దిగ్బంధమూ పోయింది.

1906 భూకంపంలో దవాఖానా పోయింది. మళ్లీ చందాలు పోగుచేశారు. పదిహేను సంఘాలు ఒక్కటై, 1925లో జాక్సన్ వీధిలో అసలైన ఆసుపత్రి తెరిచాయి. బోర్డు మీద ఇంగ్లీషులో చైనీస్ హాస్పిటల్ అని ఉన్నా, చైనా భాషలో ఈనాటికీ అది తుంగ్ వాయే.

భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో ఊరి జనన రికార్డులు కూడా కాలిపోయాయి. ‘నేను ఇక్కడే పుట్టాను, కాబట్టి ఈ దేశ పౌరుణ్నే’ అని ఏ చైనీయుడు చెప్పినా అధికారులు అనుమానంగా చూసేవారు. బ్రూస్‌లీ తండ్రి నాటక సమాజంతో అమెరికా వచ్చిన నటుడు. కొడుకు పుట్టిన రోజు ఆయన న్యూయార్క్‌లో ఉన్నాడు. 1941లో హాంకాంగ్ తిరిగి వెళ్లేముందు, పిల్లాడు ఎప్పటికైనా మళ్లీ రావాలంటే ఇబ్బంది లేకుండా దరఖాస్తు పెట్టారు. ఆ ఫారం మీద అచ్చేసిన మాటల సారాంశం: అమెరికావాణ్నని ‘చెప్పుకుంటున్న’ చైనీయుడు. దానికి అంటించిన ఫొటోలో నెలల పసివాడు.

బ్రూస్‌లీ పుట్టిన భవనం ఇప్పుడు లేదు. దాన్ని కూల్చి కట్టిన కొత్త భవనం 2016లో తెరుచుకుంది. ఆ ఫారం మాత్రం ప్రభుత్వ భాండాగారంలో భద్రంగా ఉంది. పద్దెనిమిదేళ్ల వయసులో, 1959లో ఆ పిల్లాడు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో అమెరికా పౌరుడిగానే దిగాడు.