స్కీ స్ప్రింట్‌లో చలి ఎప్పుడు కొడుతుంది?

[స్క్రీన్ మీద: తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ, విజయవాడ వైపు నుంచి]

నమస్తే అండీ. క్రాస్ కంట్రీ స్కీ స్ప్రింట్ అంటే కాళ్లకి పొడవాటి స్కీలు కట్టుకుని, పోల్స్ అనే కర్రలతో నెట్టుకుంటూ మంచు మీద సాగే చిన్న పరుగు పోటీ. ఈ బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. ఇక్కడ బయల్దేరి సీతానగరం ఒడ్డు చేరితే ఎంత దూరమో, ఒక చిన్న క్రాస్ కంట్రీ స్కీ స్ప్రింట్ కోర్సు అంత దూరం. పెద్దవైతే 1.8 కిలోమీటర్ల దాకా ఉంటాయి. కాకపోతే బ్యారేజీలా చదునుగా ఉండదు, ఎత్తులు ఎక్కాలి, మలుపుల్లో దిగాలి. మేటి ఆటగాళ్లు దాన్ని మూడు నిమిషాల అటూ ఇటూగా ముగించేస్తారు.

మూడు నిమిషాలే కదా, ఆ మాత్రం దానికి చలేం చేస్తుంది అనిపిస్తుంది. పరుగులో ఉన్నంతసేపూ నిజంగానే పెద్దగా ఏమీ చేయదు, ఒళ్లు సెగలు కక్కుతుంటుంది. అసలు తిప్పలన్నీ ఒక రేసుకీ ఇంకో రేసుకీ మధ్య.

[గ్రాఫిక్: 30, 12, 6]

పొద్దున క్వాలిఫికేషన్. ఒక్కొక్కరినీ 15 సెకన్ల తేడాతో వదులుతారు. మంచి టైమ్ వచ్చిన 30 మందికి ఆరుగురు చొప్పున ఐదు క్వార్టర్‌ఫైనల్స్. ప్రతి దాంట్లో మొదటి ఇద్దరూ సెమీస్‌కి వెళ్తారు. మిగిలిన వాళ్లలో టైమ్ బాగున్న మరో ఇద్దరికి కూడా చోటు దొరుకుతుంది, వాళ్లను లక్కీ లూజర్స్ అంటారు. అలా 12 మందితో రెండు సెమీస్, చివరికి ఆరుగురితో ఫైనల్. అంటే పతకం కావాలంటే నాలుగుసార్లు ప్రాణం పెట్టి పరుగెత్తాలి. అన్నీ కలిపినా పన్నెండు నిమిషాలే, కానీ సగం రోజు మంచులోనే గడిచిపోతుంది.

[స్క్రీన్ మీద: ఫినిష్ లైన్ దగ్గర పడిపోయి ఆయాసపడుతున్న స్కీయర్లు]

ఇక్కడ చూడండి. గీత దాటగానే మంచులో పడిపోయారు. ఒంటి మీదున్నది పల్చటి రేస్ సూట్, అది చెమటకి తడిసిపోయి ఉంది. మైనస్ పదిలో ఆ తడి ఒంట్లో వేడిని గబగబా లాగేస్తుంది. కండరం చల్లబడితే చురుకు పోతుంది, వేళ్లు కొంకర్లు పోతే పోల్స్ మీద పట్టు ఉండదు. అందుకే లేచీ లేవగానే తడి బనియన్ మార్చి, జాకెట్ తగిలించుకుంటారు. ప్యాంటుకి పక్కల పొడవునా జిప్పు ఉంటుంది, స్కీ బూట్లు విప్పకుండానే తొడుక్కోవచ్చు. గోరువెచ్చగా ఏదైనా తాగి, మెల్లగా కదులుతూనే ఉంటారు. కూర్చున్నారో, తర్వాతి హీట్, అంటే తర్వాతి రౌండ్ రేసు, పోయినట్టే. కదలికలో ఉంటే గట్టిగా పరుగెత్తినప్పుడు కండరాల్లో పేరుకునే లాక్టేట్ అనే పదార్థం కూడా త్వరగా తగ్గుతుంది.

నాకు బాగా నచ్చిన తెలివి ఇంకొకటుంది. ప్రపంచకప్‌లో క్వాలిఫై అయినవాళ్లు తాము ఏ క్వార్టర్‌ఫైనల్‌లో దిగాలో వాళ్లే ఎంచుకుంటారు. మొదటి హీట్ తీసుకుంటే సెమీస్‌కి ముందు విశ్రాంతి ఎక్కువ. ఐదో హీట్ తీసుకుంటే విశ్రాంతి తక్కువ, కానీ లక్కీ లూజర్‌గా గట్టెక్కాలంటే ఎంత టైమ్ రావాలో ముందే తెలుస్తుంది. రెండో సెమీ ఆడినవాళ్లకి ఫైనల్‌కి ముందు ఊపిరి తీసుకునే వ్యవధి ఇంకా తక్కువ. టీవీలో రేసు చూసేవాళ్లకి ఈ లెక్కలేవీ కనపడవు.

[యానిమేషన్: ఊపిరితిత్తులు, శ్వాసనాళాలు]

ఇక ఊపిరి. మామూలుగా ముక్కు గాలిని వెచ్చబరిచి, తడి చేసి లోపలికి పంపుతుంది. రేసులో నోటితో నిమిషానికి వంద లీటర్లకి పైగా గాలి లాగుతారు. అంత పొడి చల్లగాలి లోపలికి పోతే శ్వాసనాళాల లోపలి తడి ఆరిపోయి, కొందరికి అవి బిగుసుకుపోతాయి. రేసయ్యాక ఒకటే దగ్గు, పిల్లికూతలు. క్రాస్ కంట్రీ స్కీయర్లలో ఆస్తమా ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. వార్మప్‌లో కొందరు పెట్టుకునే మాస్క్, వదిలిన గాలిలోని వేడినీ తేమనీ పట్టి ఉంచి పీల్చే గాలికి తిరిగి ఇస్తుంది.

స్కీలకీ చలి బాధ తప్పదు. బాగా గడ్డకట్టిన మంచు రేణువులు గట్టిగా, పదునుగా ఉంటాయి, జారడం కోసం స్కీ అడుగున రాసే వ్యాక్స్ (మైనం) మెత్తగా ఉంటే అందులో గుచ్చుకుని జారనివ్వవు. అందుకే ఎంత చలైతే అంత గట్టి వ్యాక్స్. స్కీలను ముందుకీ వెనక్కీ నేరుగా ఆడించే క్లాసిక్ పద్ధతిలో స్కీ మధ్యభాగానికి పట్టు కోసం వేరే వ్యాక్స్ రాస్తారు. వాతావరణం కాస్త మారినా టెక్నీషియన్లకి టెన్షన్ మొదలు. ఒకప్పుడు ఫ్లోరిన్ కలిపిన వ్యాక్స్‌లు రాజ్యమేలేవి. పర్యావరణానికీ ఆరోగ్యానికీ హాని అని 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య వాటిని నిషేధించింది.

కోర్సులో అన్నిటికంటే చల్లగా ఉండే చోట ఉష్ణోగ్రత మైనస్ 20 కంటే కిందికి పడిపోతే రేసు వాయిదా వేస్తారు, లేదా రద్దు చేస్తారు. గాలి ఎక్కువైతే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల రేసుని చలిగాలి వల్ల 30కి కుదించారు.

[స్క్రీన్ మీద: ఖాళీ రోడ్డు మీద రోలర్ స్కీలు]

మంచు ముఖం చూడని బెజవాడ పిల్లలు ఇందులోకి రాగలరా? మొదలుపెట్టడం వరకూ మంచు అక్కర్లేదు. నార్వే వాళ్లు కూడా వేసవంతా తారు రోడ్డు మీద చక్రాలున్న రోలర్ స్కీలతోనే సాధన చేస్తారు. మన దగ్గరైతే ఎండెక్కక ముందే, బండ్లు తిరగని చోట చేయాలి. హెల్మెట్, మోకాలి గార్డులు తప్పనిసరి, రోలర్ స్కీలకి బ్రేకులు పెద్దగా ఉండవు మరి. అసలు మంచు కావాలంటే కశ్మీర్‌లోని గుల్‌మార్గ్. ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో నార్డిక్ స్కీయింగ్ (క్రాస్ కంట్రీ ఈ కోవలోదే) జరిగేది అక్కడే. ఆ ఊరు 2,600 మీటర్లకి పైన ఉంది, అక్కడి పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడాలి, కాబట్టి పోటీకి కొన్ని రోజుల ముందే చేరుకోండి. పిల్లికూతలు, ఆయాసం ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే డాక్టర్‌కి చూపించుకోండి.