రికార్డో మనసు మార్చుకున్న అధ్యాయం

శ్రోతలకు నమస్కారం. అందుబాటులో కాగితం, పెన్సిలు ఉంటే దగ్గర పెట్టుకోండి. కాసేపట్లో ఒక లెక్క చేద్దాం. 200 ఏళ్ల కిందటి లెక్క.

డిగ్రీలో అర్థశాస్త్రం చదివినవారికి ఇంగ్లండు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో పేరు వినగానే భాటక సిద్ధాంతం, అంటే భూమికి కౌలు ఎలా వస్తుందో చెప్పే సిద్ధాంతం గుర్తుకొస్తుంది. నేనూ అలాగే చదువుకున్నాను, పరీక్ష రాశాను. ఆయన యంత్రాల మీద ఒక అధ్యాయం రాశాడని చాలా ఏళ్ల తరువాత గాని నాకు తెలియలేదు. తెలిసినప్పటి నుంచి, యంత్రాలు వస్తే మా పనులు ఏమవుతాయని అడిగే ప్రతివారికీ ఆ అధ్యాయమే చూపిస్తున్నాను.

రికార్డో లండన్ షేర్ మార్కెట్‌లో బాగా సంపాదించి, 1819లో పార్లమెంటు సభ్యుడైన మనిషి. రాజకీయ అర్థశాస్త్రం, పన్నుల సూత్రాల మీద ఆయన గ్రంథం 1817లో వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందే, 1811లో, నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్లు అల్లే పనివారు అల్లిక యంత్రాలను విరగ్గొట్టారు. మరుసటి ఏడే పార్లమెంటు ఆ నేరానికి మరణశిక్ష పెట్టింది. యంత్రం వస్తే సరుకు చవకవుతుంది, ఒకచోట పని పోయినవాడికి మరోచోట దొరుకుతుంది, చివరకు అందరికీ మేలే అని రికార్డో కూడా అప్పట్లో నమ్మాడు.

1821లో మూడో ముద్రణ వచ్చింది. అందులో కొత్తగా 31వ అధ్యాయం చేరింది. ఈ విషయంలో తన అభిప్రాయం చాలా మారిందని, ఆ సంగతి చెప్పడం తన బాధ్యత అని ఆయన మొదట్లోనే రాశాడు.

ఇప్పుడు లెక్క. ఒక యజమాని పెట్టుబడి 20,000 పౌండ్లు. అందులో 7,000 భవనాలకు, పనిముట్లకు. మిగిలిన 13,000 కూలీల జీతాలకు. ఏడాది తిరిగేసరికి వాళ్లు 15,000 విలువైన సరుకు తీస్తారు. యజమాని 2,000 లాభంగా తన ఖర్చుకు తీసుకుంటాడు. 13,000 మళ్లీ జీతాలకు సిద్ధం. ఏటా ఇదే వరస.

ఒక ఏడు ఆయన సగంమందిని యంత్రం తయారుచేయమన్నాడు. మిగతా సగంమంది ఎప్పటిలాగే తిండి సరుకులు తీశారు. ఆ ఏడూ జీతాలు 13,000 ఇచ్చాడు. ఏడాది చివర 7,500 విలువైన యంత్రం, 7,500 విలువైన సరుకు చేతికొచ్చాయి. తన 2,000 తాను తీసుకున్నాడు. జీతాలకు మిగిలింది ఎంత? 5,500. మొన్నటిదాకా 13,000, ఇప్పుడు 5,500.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. యజమాని ఎవరినీ మోసం చేయలేదు. ఎవరి జీతమూ ఎగ్గొట్టలేదు. ఆయన 2,000 ఆయనకు భద్రంగా ఉంది. అయినా 7,500 పౌండ్ల జీతం మీద బతికిన కుటుంబాలకు పని లేదు. లాభం పెరిగితే మొత్తం ఉత్పత్తి కూడా పెరిగినట్టేనని అనుకోవడం దగ్గరే తాను పొరబడ్డానని రికార్డో ఒప్పుకున్నాడు. యంత్రాలు తమకు చేటు తెస్తున్నాయని కార్మికులు అనుకోవడం అపోహ కాదని, అర్థశాస్త్ర సూత్రాలకు సరిపోయే మాటేనని రాశాడు. ఎంత పెద్ద మాట!

ఆయన సిద్ధాంతాలను ఊరూరా ప్రచారం చేసిన మెక్‌కలక్ ఇది చదివి తట్టుకోలేకపోయాడు. మీ వాదమే నిజమైతే, యంత్రాలు విరగ్గొట్టినవారి మీద చేసిన చట్టాలు మనకు తలవంపులే అని ఉత్తరం రాశాడు. రికార్డో వెనక్కి తగ్గలేదు.

అలాగని ఆయన యంత్రాలు వద్దనలేదు. అవి ఒక్కసారిగా కాక మెల్లగా వస్తాయని, ఒక దేశం వాటిని కాదంటే పెట్టుబడి పరాయి దేశానికి పోయి కూలీలకు ఇంకా నష్టమని అదే అధ్యాయంలో రాశాడు. కొందరు మొదటి సగమే చెబుతారు, కొందరు చివరి సగమే చెబుతారు. రెండూ చదవాలని నా కోరిక.

పాత గ్రంథాలు చదవాలనుకునేవారికి నేను చెప్పేది ఒకటే. అది ఎన్నో ముద్రణో చూడండి. 1817 నాటి ప్రతి తీసుకుంటే మీకు ఈ అధ్యాయం కనబడదు. 1821 నాటి మూడో ముద్రణ కావాలి, మూడో ముద్రణ. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టనక్కరలేదు. కాగితం మీద 13,000 రాయండి, దాని కింద 5,500 రాయండి. రెండింటి పక్కనా యజమాని 2,000 రాయండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని 31వ అధ్యాయం తెరవండి. నమస్కారం.