మీ ఆదివారాలు ఇవ్వండి
(పల్నాటి పల్లెలోని ఒక ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. సర్పంచ్ గారికి, హెచ్‌ఎం మేడమ్‌గారికి, స్కూలు కమిటీ ఛైర్‌పర్సన్ అమ్మకు, నాతో కలిసి పనిచేసిన మాస్టార్లకు, టీచరమ్మలకు, పొద్దున్నుంచీ పొయ్యిల దగ్గరే ఉన్న మధ్యాహ్న భోజనం అమ్మలకు, హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, డాలస్ నుంచి వచ్చిన నా పిల్లలందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరించాలని ఉంది. కానీ భోజనాల వేళ దాటేలోపు అసలు మాట చెప్పాలి.

బడికి స్వాగత ద్వారం కట్టిద్దామని అనుకుంటున్నారట. దాని మీద బ్యాచ్ పేరు, సంవత్సరం చెక్కిస్తారట. అది వద్దని చెప్పడానికే మైకు అడిగాను. మీ మనసు మంచిదే నాయనా. కానీ అటు ఒకసారి చూడండి, బిల్డింగు వెనక్కి. ఒకప్పుడు మీరు కబడ్డీ ఆడిన నేల అది. ఇప్పుడు ఒక మూల సర్కారు తుమ్మ, ఒక మూల పాత బిల్డింగు కూల్చిన రాళ్లు. మధ్యలో, ఈ రోజు మన కార్లు. ముందు ఆ గ్రౌండ్ బాగు చేద్దాం.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు నడిచే బడికి ఏమేం ఉండాలో దాని షెడ్యూల్లో రాశారు. తరగతి గదులు, తాగునీరు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు, ప్రహరీ. వాటితో పాటే ఆటస్థలం కూడా ఉంది. అంటే అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఆ పిల్లల హక్కు. సమగ్ర శిక్షా పథకం కింద ఏటా ఆటల సామాన్లకు ఉన్నత పాఠశాలకు 25 వేల వరకు గ్రాంటు ఉంది. బంతులు, నెట్లు దాంతో కొనుక్కోవచ్చు. నేలను ఎక్కడ కొంటాం?

ఇక్కడొక విషయం చెప్పాలి. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. నేను అంతకుముందు పనిచేసిన చోట జరిగింది. జోనల్ పోటీలు దగ్గర పడ్డాయి. ఆడపిల్లల ఖోఖో టీము తెల్లవారకముందే గ్రౌండ్‌కు వచ్చేది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. స్తంభం చుట్టూ మళ్లిందంటే తరిమేవాళ్లకు అందేది కాదు. ఒక రోజు సాయంత్రం ఆ గ్రౌండ్‌లో పెద్దల మీటింగు జరిగింది. షామియానా గుంజల కోసం గుంతలు తవ్వారు. రాత్రికి షామియానా విప్పుకుని పోయారు, గుంతలు మాత్రం పూడ్చలేదు. మర్నాడు తెల్లవారుజామున మసక వెలుతురులో ఆ పిల్ల కాలు గుంతలో పడింది. చీలమండ విరిగింది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. మీటింగు పెట్టిన వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగితే, "పిల్లలు చూసుకుని ఆడుకోవాలి కదండీ" అన్నారు. చూసుకుని ఆడుకోవాలట! పరుగెత్తే పిల్ల కింద చూస్తుందా, ముందు చూస్తుందా? మీరు చెప్పండి!

కాలు అతుక్కుంది. కానీ వాళ్ల నాన్న ఆటలు మాన్పించాడు. "ఆడపిల్ల, కాలు వంకరపోతే రేపు పెళ్లెట్లా మాస్టారూ" అన్నాడు. ఆయన భయం ఆయనది. నేను ఎన్ని చెప్పినా ఒప్పుకోలేదు. ఇంటర్వెల్‌లో ఆ పిల్ల వరండా స్తంభం పక్కన నిలబడి మిగతా వాళ్ల ఆట చూస్తుండేది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పూడ్చడానికి పది నిమిషాలు పట్టని గుంతలవి.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పేరు విన్నారుగా. 2024లో కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్ల టీ20 విభాగంలో, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల పరుగులో, 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆ పిల్ల వేగాన్ని ముందు కనిపెట్టింది బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. పరుగెత్తడానికి చోటు ఉంటేనే కదా అమ్మా, ఎవరి కంటనైనా పడేది! మన ఊళ్లో అలాంటి పిల్ల లేదని ఎవరు చెప్పగలరు?

సరే, పని సంగతి. మనది నల్లరేగడి. వానాకాలం కాళ్లకు అంటుకుంటుంది, ఎండాకాలం కాలు పట్టేంత నెర్రెలు తీస్తుంది. ఉన్నదాన్ని చదును చేసి వదిలేస్తే ఒక్క వానకే మళ్లీ మొదటికి వస్తుంది. ముందు తుమ్మను వేళ్లతో సహా పెకలించాలి. అది జేసీబీ పని. తర్వాత లెవెల్ చూసుకుని వంద అడుగులకు ఒక అడుగు వాలు ఉంచాలి, నీళ్లు పోవడానికి అంచున కాలవ తీయాలి. దాని మీద గ్రావెల్ పరిచి, తడిపి, రోలర్ తిప్పాలి. బాగా తడిగా ఉంటే రోలర్‌కే అంటుకుని లేచి వస్తుంది కాబట్టి తడి చూసుకుని తిప్పాలి. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కావాలి. ఆడపిల్లల కబడ్డీకి 12 బై 8, వాలీబాల్‌కు 18 బై 9. కబడ్డీ కోర్టులో గ్రావెల్ వద్దు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. అక్కడ జల్లించిన మట్టి, రంపపు పొట్టు కలిపి మెత్తగా పరవాలి. లాంగ్‌జంప్ గుంతకు ఏటి ఇసుక. ఇది పొలం పని తెలిసిన ప్రతి ఇంటికీ చేతనైన పనే.

డబ్బు జేసీబీకి, గ్రావెల్‌కి, రోలర్‌కి. ద్వారానికి అనుకున్న చందా అందులో పెట్టండి. రాళ్లు, గాజు పెంకులు ఏరడం, కాలవ తీయడం, మట్టి జల్లించడం మనుషులు చేయాలి. డబ్బు పంపిన చేతులు కూడా ఒక్క పూట పెంకులు ఏరాలని నా కోరిక. ఏరినవాడు మళ్లీ ఆ నేల మీద సీసా పగలగొట్టనివ్వడు.

రైతు సోదరులను ఒకటి అడుగుతాను. మాఘంలో మిరపకాయలు ఇక్కడ ఆరబోస్తున్నారు. కల్లాలకు చోటు లేదని నాకు తెలుసు, మీ కష్టం తెలుసు. కానీ పక్క గదిలో పదో తరగతి పిల్లలు ఆ ఘాటుకు దగ్గుతూ చదువుతున్నారు. సర్పంచ్ గారూ, రైతులకు పంచాయతీ స్థలంలో చోటు చూపించండి, ఈ సభలోనే మాట ఇవ్వండి. గ్రౌండ్‌లో షామియానా వేయనివ్వకూడదని స్కూలు కమిటీ తీర్మానం రాయాలి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లే. అమ్మా, మీరు సంతకం పెడితే కాదనేవాళ్లు ఉండరు.

సాయంత్రం ఆరు దాటాక ఆ గ్రౌండ్ ఎవరిది అనేది కూడా తేల్చుకోవాలి. క్రికెట్ ఆడే అబ్బాయిలు వస్తే అమ్మాయిలు గోడవైపు సర్దుకుంటున్నారు. నా సర్వీసంతా అదే చూశాను. ఖోఖో కోర్టు గేటు దగ్గర, అందరికీ కనబడే చోట గీద్దాం. వారంలో మూడు రోజులు అమ్మాయిలవే అని బోర్డు రాద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మొదలు. పలుగు, పార, తట్ట ఎవరింట్లోవి వాళ్లు తెచ్చుకోండి, కాళ్లకు బూట్లు వేసుకోండి, పెంకులున్నాయి. సెలవు అయిపోయి వెళ్లిపోయేవాళ్లు మీ బదులు తమ్ముడినో బావమరిదినో పంపండి. గేటు దగ్గర లెక్కల మాస్టారు పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. ఏ ఆదివారం వస్తారో పేరు పక్కన రాసి, ఆ తర్వాత భోజనానికి వెళ్లండి. నమస్కారం.