స్టోర్ రూమ్‌లో పదకొండు పేర్లు

నమస్తే అండి. ఇదిగో, ఈ రాయి వల్లే రెండు నెలలుగా నేను ఒక్క వీడియో కూడా పెట్టలేదు. ఆగండి, కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను... కనిపిస్తోందా? తెల్ల పాలరాయి, నా భుజం వరకు ఎత్తు ఉంటుంది, కింద కుడివైపు మూల విరిగిపోయింది. పైన 1914–1919 అని ఉంది, దాని కింద పదకొండు పేర్లు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన వాళ్లవి.

ఇది ఎలా దొరికిందో చెప్తాను. మేం ఉండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో, మీకు తెలుసు కదా. ఉగాది ప్రోగ్రాంకి మన వాళ్లందరం కలిసి ఊరికి దక్షిణం వైపు ఒక చర్చి హాల్ అద్దెకు తీసుకుంటాం. ఈసారి ఫోల్డింగ్ టేబుళ్లు తెద్దామని నేను స్టోర్ రూమ్‌లోకి వెళ్తే, అన్నిటికంటే వెనకాల, పాత కర్టెన్ గుడ్డ కప్పి ఇది గోడకి ఆనించి ఉంది. పాత కిచెన్ గట్టు రాయేమో అనుకున్నాను. గుడ్డ తీసి ఫోన్ లైట్ వేస్తే అక్షరాలు కనిపించాయి. బయట పిల్లలు డాన్స్ రిహార్సల్ చేస్తున్నారు, పాట వినిపిస్తూనే ఉంది, నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను.

అక్కడి కేర్‌టేకర్ డెబ్భై దాటిన పెద్దాయన. ఆయన్ని అడిగితే, "అది మా చర్చిది కాదు, లవ్, నేను పనిలో చేరేసరికే ఇక్కడ ఉంది" అన్నారు (ఇక్కడ యార్క్‌షైర్‌లో పెద్దవాళ్లు అందరినీ అలాగే పిలుస్తారు, మనం "అమ్మా" అన్నట్టు). నిజమే, వాళ్ల చర్చి లోపల వాళ్ల సొంత ఇత్తడి ఫలకం ఉంది, దాని మీద నలభైకి పైగా పేర్లున్నాయి. ఈ పదకొండులో ఒక్కటి కూడా అందులో లేదు. మరి వీళ్లు ఎవరి పిల్లలు?

నాకెందుకు ఇంత పట్టుదల అని మా ఆయన కూడా అడిగారు. బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన వాళ్లని ఇంటికి తీసుకురాలేదండి. శవాలు వెనక్కి తేవడం 1915లోనే ఆపేశారు, యుద్ధం అయ్యాక కూడా ఎక్కడ పోయిన వాళ్లు అక్కడే ఉండాలని నిర్ణయించారు, ఆఫీసరైనా సిపాయైనా. అంటే ఈ పదకొండు మంది తల్లులకి పూలు పెట్టుకోవడానికి ఊళ్లో సమాధి లేదు, ఈ రాయి ఒక్కటే ఉంది. మన ఊళ్లలో వీరగల్లులు చూస్తాం కదా, పొలం గట్టు మీదో చెరువు పక్కనో, ఎవరివో ఎవరికీ గుర్తుండదు. ఇది కూడా అలా అయిపోతుందేమో అన్న బాధ నాకు.

సరే, ముందు పేర్లు సరిగ్గా చదవాలి. తడిగుడ్డతో తుడుద్దామని బకెట్ కూడా తెచ్చేశాను, ఎందుకో ఆగి, ముందు వార్ మెమోరియల్స్ ట్రస్ట్ వాళ్ల సలహాలు చదివాను. ఇలాంటి రాళ్లని కాపాడటానికే 1997లో మొదలైన చారిటీ అది. అందులో చదివాక బకెట్ పక్కన పెట్టేశాను. బ్లీచ్, వైర్ బ్రష్ లాంటివి అసలు తాకించకూడదు, పోయిన పైపొర మళ్లీ రాదు. అందుకని నీళ్లేమీ వాడకుండా, రాత్రిపూట లైట్లు ఆర్పేసి, టార్చ్‌ని రాయి పక్క నుంచి అడ్డంగా పట్టుకున్నాం. అలా పడితే గీతల్లో నీడ చేరి అక్షరం పైకి లేచినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ చూడండి, ఈ అక్షరాలు రంగు వేసినవి కావు, సీసం. రాయిలో అక్షరం చెక్కి, లోపల చిన్న చిన్న రంధ్రాలు తొలిచి, సీసాన్ని సుత్తితో కొట్టి కూర్చారు. ఆ రంధ్రాల వల్లే సీసం పట్టుకుని ఉంటుంది. కొన్నిచోట్ల సీసం ఊడిపోయింది, ఎనిమిదో పేరులో రెండు అక్షరాలు లేవు, ఖాళీ గాడి, అందులో మూడు రంధ్రాలు. మేం దాన్ని ఒక రకంగా చదివి వారం రోజులు వెతికాం, అలాంటి మనిషే ఎక్కడా దొరకలేదు. మా పాప కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే, మేం F అనుకున్నది E అని తేలింది, కింద గీత అరిగిపోయిందంతే. ఆ ఒక్క గీతతో ఆ మనిషి దొరికాడు!

పేర్ల పైన ఒక వాక్యం ఉంది, "ఈ చర్చి, సండే స్కూల్ నుంచి వెళ్లి ప్రాణాలిచ్చినవారు" అని. పేర్లు ఆల్ఫాబెట్ వరసలో ఉన్నాయి, పక్కన హోదాలు లేవు. ఆంగ్లికన్ చర్చిలో, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అయితే ఎక్కువగా "ఈ పారిష్ వారు" (ఆ చర్చి కిందికి వచ్చే ప్రాంతం వారు) అని రాస్తారు, సండే స్కూల్‌ని అలా సమానంగా చెప్పుకునేది చాపెల్ వాళ్లు, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో చేరని మెథడిస్టులు, బాప్టిస్టులు, కాంగ్రిగేషనల్ వాళ్లు. 1919 అని ఎందుకుంది అంటారా, తుపాకులు ఆగింది 1918 నవంబర్ 11న అయినా వెర్సయ్ సంధి మీద సంతకాలు 1919 జూన్ 28న జరిగాయి, చాలా ఫలకాల మీద ఆ సంవత్సరమే ఉంటుంది.

తర్వాత కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. 1917లో పెట్టిన సంస్థ, రెండు యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది వివరాలు చూస్తుంది, పేరు కొడితే ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. కానీ స్మిత్, విల్సన్ లాంటి ఇంటిపేర్లకి లెక్కలేనంత మంది వస్తారు. అందుకని అరుదైన ఇంటిపేర్లతో మొదలుపెట్టాం. యుద్ధం అయ్యాక కమిషన్ కుటుంబాలకి ఒక ఫారం పంపింది, అది నింపి పంపిన వాళ్ల విషయంలో "ఫలానా వాళ్ల అబ్బాయి, ఫలానా వీధి" అని కూడా రికార్డులో ఉంటుంది. నింపని వాళ్లకి వట్టి పేరు, నంబర్, తేదీ, అంతే. సైనికుల సర్వీసు కాగితాలు చూద్దామంటే 1940 సెప్టెంబర్‌లో లండన్ మీద బాంబులు పడినప్పుడు సగానికి పైగా కాలిపోయాయట.

ఒక్కొక్కరే బయటపడుతుంటే ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఇద్దరికి ఒకటే తేదీ, 1916 జులై 1. సోమ్ యుద్ధం మొదటి రోజు, ఆ ఒక్క రోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. ఈ ఇద్దరూ లీడ్స్ పాల్స్ బెటాలియన్ వాళ్లు, అంటే ఒకే ఊరి నుంచి కలిసి సైన్యంలో చేరిన దళం, ఫ్రాన్స్‌లో సెర్ అనే ఊరి ముందు పడిపోయారు. ఒకతని పేరు థీప్వాల్ స్మారకం మీద ఉంది, సమాధి దొరకని 72,000 మందికి పైగా పేర్లలో ఒకటిగా.

పదకొండులో మరొకతను మెసపొటేమియాలో పోయాడు, ఇప్పటి ఇరాక్. అతని పేరు బస్రా మెమోరియల్ మీద ఉంది. దాని గురించి చదువుతూ నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకటేమో, ఆ స్మారకం కూడా చోటు మారినదే, బస్రా దగ్గర రేవులో ఉండేదాన్ని 1997లో మొత్తం విప్పి నసిరియా రోడ్డు మీద 32 కిలోమీటర్ల దూరంలో మళ్లీ నిలబెట్టారు. రెండోది, అందులో మన దేశం సైనికుల్లో ఆఫీసర్ల పేర్లే చెక్కారు, మామూలు సిపాయిల్ని రెజిమెంట్ వారీగా ఇంతమంది అని అంకెల్లో చెప్పారు. లీడ్స్ కుర్రాడి పేరు రెండు రాళ్ల మీద ఉంది, అతని పక్కనే పోయిన మన సిపాయిలకి అక్కడ రాయి మీద పేరే లేదు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. అప్పటి నుంచి ఈ పేర్లని వదలకూడదని ఇంకా గట్టిగా అనిపించింది.

ఆరుగురికి ఇంటి అడ్రసులు దొరికాయి. ఆ వీధులు ఇప్పటి గూగుల్ మ్యాప్‌లో లేవు! నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్లు పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు నెట్‌లో పెట్టారు, ఇంగ్లండ్‌వి కూడా, పాతదీ కొత్తదీ పక్కపక్కనే చూడొచ్చు. అది తెరిస్తే హన్‌స్లెట్ వైపు వీధులన్నీ బ్యాక్-టు-బ్యాక్ ఇళ్లు, ఒకదాని వీపుకి ఒకటి ఆనించి కట్టిన వరసలు. పాప ఒక్కో ఇంటి మీద ఎర్ర చుక్క పెట్టింది. ఆరు చుక్కలూ నాలుగు వీధుల్లోనే, మధ్యలో ఒక చిన్న దీర్ఘచతురస్రం, దాని మీద ప్రిమిటివ్ మెథడిస్ట్ చాపెల్ అని రాసి ఉంది. "అమ్మా, అందరూ నడిచి వెళ్లేంత దూరమే" అంది పాప.

అయినా మ్యాప్ చూసి తేల్చేయకూడదు కదా. లీడ్స్ దగ్గరే మోర్లీలో పాత రికార్డులు దాచే వెస్ట్ యార్క్‌షైర్ ఆర్కైవ్ సర్వీస్ ఉంది, ముందు అపాయింట్‌మెంట్ తీసుకుని ఒక రోజు సెలవు పెట్టి వెళ్లాను. ఆ చాపెల్ సండే స్కూల్ రిజిస్టర్ బయటికి తెచ్చి స్పాంజి దిండు మీద పెట్టారు. పేజీలు తిప్పుతుంటే ఒక పేరు, తర్వాత ఇంకోటి... పదకొండులో తొమ్మిది మంది చిన్నప్పటి పేర్లు, పక్కన ప్రతి ఆదివారానికీ హాజరు గీతలు. ఎనిమిదో పేరు అబ్బాయి ఒక్క ఆదివారం కూడా మానలేదు.

మెథడిస్టుల్లో ప్రిమిటివ్ మెథడిస్టులు, వెస్లియన్లు, యునైటెడ్ మెథడిస్టులు అనే మూడు శాఖలు 1932లో కలిసిపోయాయి. ఒకే వీధిలో రెండు మూడు చాపెళ్లు అక్కర్లేకుండా పోయి చాలా మూతపడ్డాయి. ఇది కూడా అలాగే మూతపడింది, తర్వాత పాత ఇళ్లు కూల్చినప్పుడు దీన్నీ కూల్చేశారు. చర్చిలో కాఫీకి వచ్చే ఒక పెద్దావిడకి ఫోటోలు చూపిస్తే, "అది మా నాన్న తెచ్చింది" అన్నారు. ఆయన అక్కడ సండే స్కూల్ టీచరట, కూల్చే ముందు రోజు స్నేహితులతో కలిసి బొగ్గు లారీలో వేసుకొచ్చారట, దింపేటప్పుడు మూల ఆయన కాలి మీద పడి విరిగిందట. ఆ మూలే, ఇదిగో. వాళ్ల నాన్న కుంటుతూ ఇంటికి రావడం ఆవిడకి ఇంకా గుర్తుంది.

ఇప్పుడు ఈ రాయిని చర్చి లోపల గోడకి పెట్టాలని వికార్, అంటే ఆ చర్చి పాస్టర్, అనుకుంటున్నారు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అలా చేయాలంటే డయోసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతం) నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి కావాలి, దానికి దరఖాస్తు పెట్టాం. ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ల వార్ మెమోరియల్స్ రిజిస్టర్‌కి కూడా వివరాలన్నీ పంపాను. పేర్లు మాత్రం ఈ వీడియోలో చెప్పడం లేదు, ముందు వాళ్ల కుటుంబాల వాళ్లకి ఉత్తరాలు వెళ్లాలి.

పోయిన ఆదివారం ఆ పెద్దావిడని తీసుకుని పాత చాపెల్ ఉన్న చోటికి వెళ్లాం. ఇప్పుడక్కడ గోడౌన్, ఇనుప కంచె, సెలవు కాబట్టి ఎవరూ లేరు. కంచె దగ్గర నిలబడి పాప పదకొండు పేర్లూ చదివింది. ఎనిమిదో పేరు దగ్గర ఆవిడ చెయ్యి ఎత్తి ఆపారు. మేం రెండు నెలలుగా ఆ ఇంటిపేరు రాసినట్టే పలుకుతున్నాం, ఆ వీధిలో దాన్ని అలా అనరట, మధ్య అక్షరం మింగేస్తారట. ఆవిడ ఒకసారి అన్నారు, పాప రెండుసార్లు అని చూసుకుంది, కాగితం సర్దుకుని మళ్లీ మొదటి పేరు నుంచి చదివింది.