పెట్టెలో పాత బంగారు నాణెం దొరికిందా? తోమకండి, ముందు తూకం వేయండి

"మీ దగ్గర ఈ పాత నాణెం ఉందా? కోటీశ్వరులైపోయినట్టే!" ఇలాంటి వీడియోలు చూస్తుంటే ఒళ్లు మండుతుంది. కొట్టుకెళ్తే ఇంకో రకం: "పాతదైతే ఏంటండీ, కరిగిస్తే వచ్చేది బంగారమేగా." రెండూ తప్పే.

నాణేన్ని పొలం అనుకోండి. విస్తీర్ణానికి ఒక రేటుంటుంది, ఇక్కడ అది బంగారం తూకం. అది రోడ్డు బిట్టా, లోపలి బిట్టా అన్నదాన్ని బట్టి పైన ఇంకో రేటు పడుతుంది. ఏ ఏడాదిది, ఏ టంకశాలది, ఎంత అరిగింది అన్నవే ఆ బిట్టు. విస్తీర్ణం లెక్క ఎవరైనా కట్టిస్తారు. బిట్టు సంగతి మీరే చూసుకోవాలి, ఎందుకంటే కొనేవాడు దాని గురించి నోరెత్తడు.

మన ఇళ్లలో ఎక్కువగా బయటపడేది బ్రిటిష్ సవరన్. ఒకవైపు రాజు లేదా రాణి తల, రెండోవైపు గుర్రం మీద సెయింట్ జార్జ్, కింద డ్రాగన్. విక్టోరియా కాలంవి కొన్నిటికి గుర్రం బదులు డాలు బొమ్మ ఉంటుంది.

[తెర మీద: చిన్న డిజిటల్ తక్కెడ, కప్పులో నీళ్లు, దారం]

రెండు దశాంశాల వరకూ చూపించే తక్కెడ కావాలి, కూరగాయలు తూచేది పనికిరాదు. సవరన్ అసలు బరువు 7.98 గ్రాములు, అడ్డకొలత 22.05 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు. చెలామణిలో ఉన్న రోజుల్లో సుమారు 7.94 దిగితే దాన్ని ఇక చెల్లనిచ్చేవాళ్లు కాదు. మీది 7.9 కంటే బాగా తక్కువుంటే అరుగుదల, చిల్లు, నకిలీ, ఈ మూడింట్లో ఏదో ఒకటి. 8 దాటి 8.3 అలా చూపిస్తే అంచు చూడండి. మెళ్లో వేసుకోడానికి రింగు అతికించి ఉంటారు, ఆ టాకా బరువది.

తర్వాత నీళ్ల పరీక్ష. తక్కెడ మీద నీళ్ల కప్పు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్న దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా ముంచండి. అడుక్కి, గోడకి తగలకూడదు. తగిలిందా, నాణెం బరువు కూడా కలిసి లెక్క మొత్తం పోతుంది. ఇప్పుడు కనిపించే అంకెతో నాణెం బరువును భాగించాలి. అసలు సవరన్‌కి 0.45, 0.46 దగ్గర చూపిస్తుంది, అంటే సాంద్రత 17.5 చుట్టుపక్కల. ఇత్తడైతే 8.5 ప్రాంతంలోనే ఉంటుంది. గాలి బుడగ అంటుకుంటే అంకె పెరిగి మంచి నాణెం కూడా నకిలీలా కనిపిస్తుంది, అందుకే నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలపండి.

ఈ పరీక్షకీ ఒక హద్దుంది. నిజమైన 22 క్యారెట్ల బంగారంతోనే చేసిన నకిలీ సవరన్లున్నాయి, లెబనాన్‌లోని బీరూట్‌లో చేసినవి బాగా పేరుమోసినవి. తూకం, నీళ్లు రెండిట్లోనూ పాసైపోతాయి. విస్తీర్ణం సరిపోయింది, పట్టా దొంగది! అందుకని పది రెట్లు చూపించే భూతద్దం పట్టండి. అక్షరాలు మెత్తగా కరిగినట్టున్నా, ఖాళీ జాగాలో చిన్న చిన్న పొక్కులున్నా అనుమానించాల్సిందే.

భూతద్దం చేతిలో ఉండగానే గుర్రం కాళ్ల కింద నేల గీత చూడండి. సంవత్సరం అంకెకి కొంచెం పైన, ఆ గీత మధ్యలో నలుసంత అక్షరం ఉండొచ్చు. ఎస్ అంటే సిడ్నీ, ఎం మెల్‌బోర్న్, పి పెర్త్, ఎస్‌ఏ ప్రిటోరియా. ఐ ఉంటే మన బొంబాయి, ఆ రోజుల్లో 1918లో మాత్రమే వేశారు. అలాగని ఎగిరి గంతేయకండి, సుమారు 13 లక్షలు వేశారు. ఏ అక్షరమూ లేకపోతే చాలావరకు లండన్. 1917 లండన్‌ది నిజంగా అరుదు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువే. అదే 1917కి పైన ఎస్ ఉంటే మామూలు నాణెం. రోడ్డు బిట్టుకీ లోపలి బిట్టుకీ తేడా ఆ నలుసంత అక్షరమే.

తెలంగాణ ఇళ్లలో నిజాం అష్రఫీలు, అంటే బంగారు నాణేలు కూడా దొరుకుతాయి, చార్మినార్ బొమ్మతో. గుమ్మంలో ఉర్దూ అక్షరం 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. ఏడాది హిజ్రీలో ఉంటుంది. 0.97తో గుణించి 622 కలపండి: 1340 అంటే 1921, 22 ప్రాంతం. ఇక్కడో మోసం ఉంది. అదే బొమ్మతో ఉన్న నిజాం వెండి రూపాయి బరువూ, అష్రఫీ బరువూ ఒకటే, సుమారు 11.18 గ్రాములు. రూపాయికి బంగారు పూత పూస్తే తక్కెడ పట్టుకోలేదు. నీళ్లు పట్టుకుంటాయి: అష్రఫీకి 0.65, రూపాయికి 1.1 దాకా. పైగా రూపాయి వెడల్పు ఎక్కువ.

కాసులపేరులో లక్ష్మీదేవి కాసులు కంసాలి అచ్చులో కొట్టినవి. నాణేలు కావు, బంగారం ధరే. రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 ఈస్టిండియా కంపెనీ అని రాసినవి కంపెనీ ఎప్పుడూ వేయలేదు. వాటికి లక్షలు చెప్పేవాళ్ల వీడియో కట్టేసి పడుకోండి.

ఇక అసలు పాపం, తోమడం. చింతపండు, కుంకుడుకాయ, పళ్లపొడి, కంసాలి దగ్గర మెరుగు, ఏదీ వద్దు. రోడ్డు బిట్టులో మట్టి తవ్వి అమ్ముకున్నట్టే: విస్తీర్ణం అంతే ఉంటుంది, కొనేవాడు మాత్రం గుంత చూసి రేటు తగ్గిస్తాడు. గీటురాయి మీద గీయనివ్వకండి, అంచు పోతుంది. హాల్‌మార్కింగ్ సెంటర్లో క్యారెట్ మీటర్ పెట్టించండి, గీత పడదు. కాకపోతే అది పైపొరనే చదువుతుంది, మందపాటి పూతను బంగారమనే అంటుంది. నీళ్ల పరీక్ష మానొద్దు.

టైమైపోతోంది, ధర సంగతి గబగబా చెప్పేస్తా. సవరన్‌లో స్వచ్ఛమైన బంగారం 7.32 గ్రాములు. దాన్ని ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము రేటుతో గుణించండి. గ్రాము 10,000 అనుకుంటే 73,200. ఇది అడుగు ధర. రాయీ లక్కా లేని నాణేనికి తరుగు తీస్తానంటే ఒప్పుకోకండి. పై ధర కోసం వేలంలో అదే ఏడాది, అదే టంకశాల, అదే అరుగుదల ఉన్నవి ఎంతకి అమ్ముడుపోయాయో చూడండి. అడిగే ధరలు కాదు, అమ్ముడైన ధరలు.

ఇంట్లో వారసత్వంగా వచ్చింది వేరు, పునాది తవ్వుతుంటే దొరికింది వేరు. రెండోది 1878 నిధుల చట్టం కింద కలెక్టరుకు చెప్పాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అమెరికాలో ఉన్న అబ్బాయికి సూట్‌కేసులో పంపడానికి లేదు. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు, అమ్మితే వచ్చే లాభం మీద ఉంది. 2001కి ముందు కొన్నదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు, ఆ రోజు ధరకి రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత కాగితం రాయించుకోండి. నాణెం చూపించడానికి ఎవరికైనా ఫొటో పంపేటప్పుడు రెండు వైపులా, అంచూ తీయండి, తక్కెడ అంకె కనిపించేలా ఇంకొకటి.