543 ఎందుకు కుదరదు?

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది త్వరలో ఏదో ఒక దేశానికి వాలంటీర్ టీచర్లుగా వెళ్తున్నారు. ఒకరికి పాట వచ్చు, ఒకరికి మ్యాజిక్ వచ్చు, ఒకరికి నాటకం వచ్చు. ఆ విద్యను అక్కడి పిల్లలతో ఎలా పంచుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. నాకు వచ్చింది జగ్లింగ్. మూడు బంతుల్ని, ఒక్కోసారి నాలుగింటిని, కింద పడకుండా గాల్లో ఆడించడం. రెండేళ్ళు పరాయి దేశంలో ఒక చిన్న ఊరి బడిలో లెక్కలు చెప్పాను, సాయంత్రాలు పిల్లలతో జగ్లింగ్ చేశాను.

ఆ దేశం పేరు, బడి పేరు చెప్పను. ఈ ప్రసంగం రికార్డవుతోంది. నా మాటలు విని ఎవరైనా ఆ పిల్లలు ఫలానా అని గుర్తుపట్టే వీలు ఉండకూడదు. మీరూ ఈ అలవాటు ఇప్పుడే చేసుకోండి. పిల్లల ఫొటో తీసే ముందు వాళ్ళ పెద్దవాళ్ళని, బడిని అడగండి. తీశాక కూడా పదిమందికీ పంపకండి.

నాకు బాగా నచ్చిన ఒక సంగతితో మొదలుపెడతాను. 1961 ఆగస్టు చివర్లో, వాలంటీర్లని విదేశాలకి పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ తొలి జట్టు ఘనా రాజధాని అక్రాలో విమానం దిగింది. దాదాపు 50 మంది, అందరూ బడుల్లో పాఠాలు చెప్పడానికి వచ్చినవాళ్ళు. స్వాగతం పలకడానికి మంత్రి వచ్చారు. వీళ్ళు ఆ విమానాశ్రయంలోనే వరసగా నిలబడి అక్కడివాళ్ళు మాట్లాడే ట్వి భాషలో పాట పాడారు. తమ పాట పాడి వినిపించడం ఎంత తేలికో ఆలోచించండి. వాళ్ళు అలా చెయ్యలేదు. ఆ గడ్డ మీది పాట నేర్చుకుని, ఆ పాటతో పుట్టి పెరిగిన మనుషుల ముందే పాడారు. ఉచ్చారణ ఎక్కడ తప్పినా ఎదుటివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అయినా పాడారు.

నేను మొదటి నెలంతా దీనికి సరిగ్గా ఎదురు పని చేశాను. వెళ్ళిన వారానికే ప్రార్థన సమయంలో అందరి ముందూ జగ్లింగ్ చేసి చూపించాను. పిల్లలు విరగబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు మళ్ళీ అడిగారు, మళ్ళీ చేశాను. దారిలో కనపడితే చెయ్యమనేవారు, బడి వదిలాక చెయ్యమనేవారు. భాష రాని చోట, తెలిసిన మొహం ఒక్కటీ లేని చోట, ఆ చప్పట్లు నాకు పెద్ద అండ. అది ఒప్పుకోవాలి. కానీ నెల తిరిగేసరికి ఒకటి గమనించాను. జగ్లింగ్ చూసేటప్పుడు పిల్లలు ఎలా కూర్చుంటున్నారో, నా లెక్కల క్లాసులోనూ అచ్చం అలాగే కూర్చుంటున్నారు. చేతులు కట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, నేను చేసేది చూస్తూ. నేను వాళ్ళకి చూడడం అలవాటు చేస్తున్నాను.

ప్రదర్శనే తప్పని అనడం లేదు. 1993లో బార్సిలోనాకు చెందిన టోర్టెల్ పోల్ట్రోనా అనే క్లౌన్, యుద్ధంతో చెదిరిపోయిన కుటుంబాల పిల్లల కోసం క్రొయేషియాలోని ఇస్ట్రియా ప్రాంతంలో ఉన్న శరణార్థి శిబిరానికి వెళ్ళి ప్రదర్శన ఇచ్చాడు. క్లౌన్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ అక్కణ్ణుంచే పుట్టింది. అలాంటి చోట ఒక గంట నవ్వు చాలు, అది పూర్తి పని. టీచరుగా వెళ్ళినవాడు మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటాడు. అతని దగ్గరున్నది పిల్లల చేతుల్లోకి రావాలి.

అందుకని సంచులు కుట్టడం మొదలుపెట్టాం. నేర్చుకునేవాళ్ళకి గుండ్రటి రబ్బరు బంతులు పనికిరావు. కింద పడితే దొర్లి దొర్లి పోతాయి, ఆట సగం వాటి వెంట పరిగెత్తడంతోనే సరి. గుడ్డసంచిలో గింజలు పోసి కుడితే పడ్డచోటే ఉంటుంది. ఒక్కోటి 100 గ్రాముల పైచిలుకు. ముప్పై సంచులు కుట్టాం. వర్షాలు పట్టాక కొన్ని తడిసి, లోపలి గింజలు మొలకెత్తాయి. తర్వాత కడిగి ఎండబెట్టిన ఇసుక వాడాం.

ఎలా నేర్పించాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ విద్య వేరే అయినా ఇందులో మీకు పనికొచ్చేది ఉంది. మొదటి రోజు ఒక్క సంచే. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, కళ్ళ ఎత్తు దాకా ఎగరాలి. చూపు చేతుల మీద ఉండకూడదు, సంచి ఎక్కడ ఆగి కిందికి తిరుగుతుందో అక్కడ ఉండాలి. తర్వాత రెండు. ఇక్కడే అందరూ ఒకే పొరపాటు చేస్తారు. రెండో సంచిని విసరకుండా, అడ్డంగా రెండో చేతిలో పెట్టేస్తారు. మొదటిది పైకి చేరాక రెండోది, అని నోటితో చెప్పుకుంటూ చేస్తే ఆ అలవాటు పోతుంది. మూడోది పట్టుకోగానే ఇంకో జబ్బు మొదలవుతుంది. సంచుల్ని ముందుకు విసురుతూ వాటి వెనక నడిచిపోతారు. గోడకి ఎదురుగా నిలబెడితే చాలు.

వీటికి పెద్ద భాష అక్కర్లేదు. ‘పైకి’, ‘ఆగు’, ‘మళ్ళీ’, ‘ఇంకాస్త ఎత్తు’. వాళ్ళ భాషలో నేను మొదట నేర్చుకున్న మాటలు ఇవే, నేర్పింది పిల్లలే. నేను తప్పు పలికితే దిద్దేవారు, వాళ్ళు తప్పు విసిరితే నేను దిద్దేవాణ్ణి. సంచి కింద పడ్డం అక్కడ మామూలు విషయం. నాదీ పడేది. టీచరు చేతిలోంచి జారడం, వంగి తీసుకోవడం, మళ్ళీ మొదలుపెట్టడం వాళ్ళు రోజూ చూశారు. కొన్ని వారాలకి లెక్కల క్లాసులో బోర్డు దగ్గరకి వచ్చే పిల్లలు పెరిగారు. రెండింటికీ సంబంధం ఉందని నా నమ్మకం.

ఆడపిల్లలు మొదట దూరంగా నిలబడ్డారు. ఇది మగపిల్లల ఆట అనుకున్నారు. ఈజిప్టులో బెని హసన్ అనే చోట దాదాపు నాలుగు వేల ఏళ్ళనాటి సమాధి గోడ మీద బంతులు ఎగరేస్తున్న ఆడవాళ్ళ బొమ్మలున్నాయి. జగ్లింగ్‌కి మనకి తెలిసిన అతి పాత బొమ్మల్లో అవి ఉన్నాయి. వాటిని ప్రింటు తీసి గోడకి అంటించాను. టోంగా దీవుల్లో ఆడపిల్లలు కాయలతో ఆడే హికో అనే జగ్లింగ్ ఆట గురించి చెప్పాను. ఒక పెద్దమ్మాయి ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడింది. మర్నాడు చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ అమ్మాయి గురించి ఇంకో మాట చెప్పాలి. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకి ఎన్ని వారాలు చెప్పినా మూడు సంచులు రావడం లేదు. వయసు చాలదేమో అనుకుని వదిలేశాను. ఒకరోజు ఆ పెద్దమ్మాయి చెల్లెలి చెయ్యి పట్టుకుని, అరచేతిలో రెండు సంచులు పెట్టి నాకు చూపించింది. వేళ్ళు రెండోదాని చుట్టూ తిరగడం లేదు, జారిపోతోంది. మూడింటితో మొదలుపెట్టాలంటే ఒక చేతిలో రెండు పట్టుకోవాలి కదా. సంచి మొత్తం నా చేతి కొలతకి కుట్టింది! ఆ అమ్మాయి ఇంటికి తీసుకెళ్ళి కుట్లు విప్పి, సగానికి తగ్గించి కుట్టి తెచ్చింది. అప్పట్నుంచి చిన్నపిల్లలకి తనే టీచరు. నేను అటువైపు వెళ్ళడం మానేశాను.

ఇక లెక్కలు. సంచిని చేతి నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తుకి విసిరితే దాదాపు అర సెకను గాల్లో ఉంటుంది. ఒక సెకను ఉండాలంటే రెట్టింపు ఎత్తు చాలదు, నాలుగు రెట్లు, అంటే ఒక మీటరూ 20 సెంటీమీటర్లు కావాలి. వర్గం అనే మాటని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా తలకెక్కనిది, టైమ్ కోసం ఎత్తు పెంచీ పెంచీ చేతులు నొప్పి పుట్టినప్పుడు ఎక్కింది. సమాచారాన్ని లెక్కలతో కొలిచే ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన క్లాడ్ షానన్ కూడా జగ్లింగ్ చేసేవాడు. బంతి గాల్లో ఉండే కాలం, చేతిలో ఉండే కాలం, చెయ్యి ఖాళీగా ఉండే కాలం, వీటికి మధ్య లెక్క ఏమిటో సమీకరణంగా రాశాడు.

జగ్లింగ్‌ని అంకెల్లో రాసే పద్ధతి ఒకటుంది, సైట్‌స్వాప్ అంటారు. 1980ల్లో వచ్చింది. తాళం వేసినట్టు కుడి, ఎడమ, కుడి, ఎడమ అని చేతులు వంతులవారీగా విసురుతుంటాయి. ఒక్కో వంతు ఒక బీటు. ఇప్పుడు విసిరిన బంతిని మళ్ళీ ఎన్నో బీటుకి విసురుతామో ఆ అంకె రాస్తాం. బేసి అంకె అయితే బంతి రెండో చేతికి వెళ్తుంది, సరి అంకె అయితే విసిరిన చేతికే వస్తుంది. మామూలు మూడు బంతుల ఆట 3. 441 అన్నా, 531 అన్నా అదీ మూడు బంతులదే. అంకెల సగటు ఎంతో, బంతులు అన్ని.

ఏడో తరగతికి సగటు పాఠం ఇలాగే చెప్పాను. నాలుగు బంతులతో ఆడేది మీరే ఒకటి తయారుచెయ్యండి అన్నాను. మూడో వరసలో ఒకబ్బాయి 543 అని రాశాడు. సగటు 4, నేను చెప్పిన నియమం ప్రకారం తప్పు లేదు. కానీ అది కుదరదు. కుదరదని నాకు తెలుసు, ఎందుకో వాళ్ళ భాషలో చెప్పడం చేతకాలేదు. బోర్డు మీద కొట్టేసి ముందుకు పోవచ్చు. ఆ అబ్బాయి మొహం చూస్తే మనసు రాలేదు.

సుద్దముక్క తీసుకుని నేల మీద వరసగా గళ్ళు గీసి 1 నుంచి 10 దాకా అంకెలు వేశాను. ఒక్కో గడి ఒక్కో బీటు. మొదటి మూడు గళ్ళలో ముగ్గురు పిల్లల్ని నిలబెట్టాను. వాళ్ళే బంతులు. ఒకటో గడిలో ఉన్నవాడు 5 అడుగులు, రెండో గడిలో ఉన్నమ్మాయి 4, మూడో గడిలో ఉన్నవాడు 3. వేశారు. ముగ్గురూ ఆరో గడిలోకే వచ్చి ఒకరినొకరు గుద్దుకున్నారు! ఒకే చెయ్యి, ఒకే క్షణంలో మూడు బంతులు. క్లాసంతా నవ్వు, అబ్బాయి కూడా నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి, 4నీ 3నీ అటూ ఇటూ మారిస్తేనో అన్నాడు. 534. మళ్ళీ నిలబడ్డారు. ఈసారి ఒకడు ఆరుకి, ఒకమ్మాయి అయిదుకి, ఒకడు ఏడుకి. ఎవరి గడి వాళ్ళది. అవే అంకెలు, అదే సగటు, వరస మాత్రం మారింది. ఆ బడిలో పనిచేసే లెక్కల టీచరు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నారు. సాయంత్రం ఆవిడ వచ్చి, రెండు సంచులు అడిగి తీసుకెళ్ళారు.

నా పొరపాటు కూడా చెప్పాలి. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయనగా కూడా నేను రోజూ సాధన పెట్టాను. పిల్లలు చదువుకునే గంట నా దగ్గర గడుపుతున్నారు. హెడ్‌మాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, మీరు వెళ్ళిపోతారు, వీళ్ళ మార్కులు ఇక్కడే ఉంటాయి అన్నారు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. అప్పట్నుంచి వారానికి రెండు రోజులు, 45 నిమిషాలు, ఆయన పెట్టిన టైముకే, తలుపులు తీసే ఉంచి, ఇంకో టీచరు ఎదుటే చేశాం. పిల్లలతో ఒంటరిగా ఉండే ఏర్పాటు మీరెప్పుడూ ఒప్పుకోకండి. నన్ను పంపించిన సంస్థ సిలబస్ కూడా ముందుగా ఇవ్వలేదు, రెండు వారాలు వృథా అయ్యాయి. మీరు బయల్దేరే ముందే అడగండి. ఏ తరగతి, ఏ పుస్తకం, మీకన్నా ముందు ఎవరు చెప్పేవారు, మీరు రావడం వల్ల అక్కడ ఎవరి ఉద్యోగమైనా పోతుందా.

ఆటలకి, కళలకి ఇంత సమయం ఎందుకని ఎవరైనా అంటే, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చూపించండి. ఆడుకోవడం, కళల్లో పాలుపంచుకోవడం పిల్లల హక్కు అని రాసి ఉంది. మార్కులు పెరుగుతాయని మాత్రం మాటివ్వకండి. 2004లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మూడు నెలలు జగ్లింగ్ సాధన చేసిన పెద్దవాళ్ళ మెదడు స్కాన్ చేస్తే, కదిలే వస్తువుల్ని చూసి అర్థం చేసుకునే భాగంలో గ్రే మ్యాటర్ అనే మెదడు పదార్థం పెరిగింది. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. సాధన మానేసిన మూడు నెలలకి ఆ పెరిగింది చాలావరకు తగ్గిపోయిందని కూడా అందులోనే ఉంది. నేను విమానం ఎక్కాక ఏమవుతుందన్న దిగులు నాకు దాన్ని చదివాకే పట్టుకుంది.

అందుకే చివరి ఆర్నెల్లూ నేను దాదాపు ఏమీ నేర్పలేదు. సంచులు కుట్టే పని పెద్దపిల్లలది, లెక్క రాసే పుస్తకం వాళ్ళది. ఆ పుస్తకంలో ఎవరు ఎన్ని పట్టుకున్నారో ఉంటుంది, ఎవరు ఫస్టో ఉండదు. చిన్నపిల్లలు ఆ పెద్దమ్మాయి దగ్గర. లెక్కల టీచరుగారికి మూడు సంచులు రావడానికి రెండు నెలలు పట్టింది. పిల్లల ముందే నేర్చుకున్నారు, పిల్లల ముందే జారవిడిచారు. వీడ్కోలు రోజున నన్ను జగ్లింగ్ చెయ్యమని ఎవరూ అడగలేదు. వాళ్ళే చేశారు, నేను కూర్చుని చూశాను.

పోయిన నెల ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కొత్త ఏడో తరగతి సగటు పాఠానికి వచ్చిందట. ఒక పిల్ల బోర్డు మీద 543 అని రాసిందట. ఆవిడ ఏమీ అనకుండా సుద్దముక్క తీసుకుని, నేల మీద గళ్ళు గీయడం మొదలుపెట్టారట.